సరుకు ఎక్కడ ఆగుతుందో చెప్పని కొటేషన్

సరుకు ఓడెక్కించే ఏజెంట్లని, అంటే ఫార్వర్డర్లని, రేటు అడిగితే వాళ్ళు పంపే ఈమెయిల్లో రెండు అంకెలే పెద్దగా కనిపిస్తాయి. కంటైనర్‌కి ఎన్ని డాలర్లు, చేరడానికి ఎన్ని రోజులు. ఎగుమతి చేసేవాళ్ళలో సగం మంది మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు. కాస్త దెబ్బలు తిన్నవాళ్ళు రెండోది కూడా చూస్తారు. "అన్నా, ఫలానా వాడు నూట యాభై డాలర్లు తక్కువ ఇస్తున్నాడు, పైగా రెండు రోజులు ముందే చేరుస్తానంటున్నాడు, ఇచ్చేద్దామా?" నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలాంటివే. పెట్టె దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో అడిగావా అంటాను. "అది లైన్ వాళ్ళు చూసుకుంటారు కదన్నా" అని జవాబు.

చూసుకోరు. లైన్, అంటే ఓడ కంపెనీ, సరుకు అందుకున్నట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ వెనక చీమల్లాంటి అక్షరాల్లో ఉండే షరతులు ఒకసారి ఓపిగ్గా చదవండి. ఫలానా తేదీకి చేరుస్తామన్న హామీ అందులో ఉండదు. ఈమెయిల్లో రాసిన రోజులు అంచనా మాత్రమే.

నేను విశాఖలో ఎగుమతిదారుల సరుకుకి దారి, ఓడ, తేదీ కుదిర్చే పని చేస్తాను. రొయ్యలు ఎక్కువ, మిర్చి కొంత, అప్పుడప్పుడు హైదరాబాద్ నుంచి మందులు. ఈ పనిలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. సరుకు కదులుతున్న రోజులు పెద్దగా నష్టం చెయ్యవు, ఎందుకంటే అవి ఎన్నో ముందే తెలుసు. నష్టం చేసేవి అది ఎక్కడో నిలబడిపోయిన రోజులు. విశాఖ నుంచి అమలాపురం బయల్దేరినవాడు రావులపాలెంలో బస్సు మారాలంటే, ఆలస్యమంతా హైవే మీద ఉండదు, రావులపాలెం బస్టాండులో ఉంటుంది. అక్కడ రెండో బస్సు పది నిమిషాలకొకటా, రెండు గంటలకొకటా అన్నదే అసలు ప్రశ్న. సముద్రం మీద కూడా అంతే. అందుకే దారి ఎంచేటప్పుడు మైళ్ళు, డాలర్లు తర్వాత చూడమంటాను. ముందు ఆగే చోట్లు లెక్కపెట్టాలి.

రొయ్యల కంటైనర్‌నే తీసుకుందాం. భీమవరం చుట్టుపక్కల ప్లాంటులో గడ్డకట్టించిన వనామీ రకం రొయ్య నలభై అడుగుల శీతల కంటైనర్, అంటే రీఫర్‌లో ఎక్కుతుంది. మైనస్ పద్దెనిమిది డిగ్రీలకో అంతకన్నా కిందికో సెట్ చేసి, సీలు వేసి, లారీకి కరెంటిచ్చే జెన్‌సెట్ తగిలించి విశాఖకి పంపుతారు. ఓడ శనివారం బయల్దేరుతుందంటే టెర్మినల్ గేటు చాలా ముందే మూసేస్తారు. ఆ కటాఫ్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి: కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్ ఎప్పుడు, హెల్త్ సర్టిఫికెట్ ఎప్పుడు, ఖాళీ రీఫర్ యార్డు నుంచి ఎప్పుడు తీసుకోవాలి, అది తనిఖీ అయిందా లేదా. అమెరికాకైతే అక్కడి కస్టమ్స్‌కి కావలసిన దిగుమతి వివరాలు, అమెరికా వెళ్ళే ఓడలోకి పెట్టె ఎక్కడానికి 24 గంటల ముందే అందాలి. ఇంతవరకు మన చేతిలోని పని. ఎంత టెన్షన్ పడ్డా, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుసు.

ఆ తర్వాతే మన చెయ్యి జారుతుంది. విశాఖ నుంచి అమెరికా తూర్పు తీరానికి వెళ్ళే పెట్టెల్లో చాలావరకు ముందు ఒక చిన్న ఓడ, అంటే ఫీడర్, ఎక్కి కొలంబోకో సింగపూర్‌కో మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌కో వెళ్ళి, అక్కడ దిగి, పెద్ద ఓడ కోసం ఎదురుచూస్తాయి. మనదేశపు ట్రాన్‌షిప్‌మెంట్ సరుకులో, అంటే మధ్య రేవులో ఓడ మారే సరుకులో, దాదాపు ముప్పావు వంతు విదేశీ రేవుల్లో చేతులు మారుతోందని, అందులో 85 శాతానికి పైగా ఈ మూడు రేవులదేనని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. ఫీడర్ ఒక రోజు ఆలస్యమైతే మదర్ వెసెల్, అంటే ఆ పెద్ద ఓడ, ఆగదు. మన పెట్టె తర్వాతి వారానికి పోతుంది. ఆ వారం ఓడ నిండిపోయి ఉంటే ఇంకో వారం. "బాక్స్ రోల్ అయింది సార్" అని ఒక లైను మెయిల్ వస్తుంది. క్షమాపణ ఉండదు, కారణం ఉండదు, కొత్త తేదీ ఉంటే అదృష్టం.

న్యూజెర్సీ కొనుగోలుదారు ఒకాయనకి ఒకే ప్లాంటు నుంచి ఒకే వారంలో రెండు కంటైనర్లు వెళ్ళాయి, వేరే వేరే లైన్లలో. తక్కువ రోజులు చూపించిన లైన్ పెట్టె, ఎక్కువ రోజులు చూపించినదాని కంటే రెండు వారాలు ఆలస్యంగా చేరింది. దారిలో ఓడ ఎక్కడా నెమ్మదించలేదు. తేడా అంతా ఒక ట్రాన్‌షిప్‌మెంట్ యార్డులోనే పోయింది. తర్వాత లోపలి ఉష్ణోగ్రత నమోదు చేసే డేటా లాగర్ గ్రాఫ్ తెప్పించుకుని చూశాం. ప్లాంటు నుంచి గీత తిన్నగా మైనస్ పద్దెనిమిది మీదే నడుస్తూ వచ్చింది. ఫీడర్ నుంచి దించిన రోజు చిన్న మూపురంలా పైకి లేచింది, మళ్ళీ ఓడ ఎక్కిన రోజు ఇంకో మూపురం. ప్లగ్గు తీసి, క్రేన్ ఎత్తి, దించి, మళ్ళీ ప్లగ్గు పెట్టేదాకా కంటైనర్‌కి కరెంటు లేదు. సరుకు పాడవలేదు, మైనస్ పదిహేను దాటి పైకి పోలేదు కాబట్టి. కానీ నలభై రోజుల సముద్ర ప్రయాణంలో గీత కదిలింది ఆ రెండు చోట్లే. ఆ కాగితం చూస్తే నా వాదన వేరే చెప్పనక్కరలేదు.

దీనికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం 2024. 2023 నవంబరు 19న ఎర్ర సముద్రంలో గెలాక్సీ లీడర్ అనే ఓడని యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. డిసెంబరు మధ్యకల్లా పెద్ద కంటైనర్ కంపెనీలు సూయజ్ దారి వదిలేసి ఆఫ్రికా చుట్టూ, కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా తిప్పడం మొదలుపెట్టాయి. యూరప్‌కి పది నుంచి పద్నాలుగు రోజులు అదనం. మాకందరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమెరికా తూర్పు తీరానికైతే ఇంకా చిక్కు, ఎందుకంటే అదే సమయంలో పనామా కాలువలో నీళ్ళు లేవు. గటున్ సరస్సు మట్టం పడిపోయి, మామూలుగా రోజుకి ముప్పై ఆరు ఓడల దాకా దాటించేవాళ్ళు 2024 మొదట్లో 24కి తగ్గించారు. భూగోళానికి రెండు వైపులా ఉన్న రెండు అడ్డదారులూ ఒకేసారి ఇరుకైపోయాయి.

అయితే ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి కేప్ దారి అలవాటైపోయింది. పది రోజులు ఎక్కువా? సరే, పది రోజులు ముందు పంపుదాం, అంతే. కొనుగోలుదారులు ఆర్డర్లు ముందుకు జరిపారు, బ్యాంకులు తేదీలు సవరించాయి. కేప్ దగ్గర కెరటాలుంటాయి కానీ క్యూ ఉండదు. అసలు గందరగోళం మే, జూన్ నెలల్లో సింగపూర్‌లో వచ్చింది. దారి మారిన ఓడలు తేదీలు తప్పి గుంపులుగా వచ్చి పడ్డాయి. యూరప్ సరుకు కూడా అక్కడే దించి మార్చుకోవడం పెరిగింది. రేవులో నిలిచే చోటు (బెర్తు) కోసం ఓడలు వారం దాకా లంగరేసుకుని నిలబడ్డాయి. కొన్ని సింగపూర్‌ని వదిలేసి క్లాంగ్‌కి పోతే క్లాంగ్ కూడా నిండిపోయింది. ఆ రెండు నెలల్లో నాకు పట్టిన చెమట కేప్ పది రోజులకి పట్టలేదు. ముందే తెలిసిన పది రోజులకి సిద్ధపడవచ్చు. రెండు రోజులో పన్నెండు రోజులో తెలియని చోట ఏ సిద్ధపాటూ పనికిరాదు.

రోజుల విలువ లెక్కకట్టే పద్ధతి కూడా చాలామందికి తలకిందులుగా ఉంటుంది. కోటి రూపాయల సరుకు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ వేసుకుంటే రోజుకి సుమారు 3,300. పది రోజులు ఎక్కువైతే 33 వేలు. రీఫర్ కిరాయిలో తేడా అంతకు మించి ఉంటే నెమ్మది దారే లాభం. ఇక్కడిదాకా లెక్క సులువు. కానీ ఆ పది రోజులు ఎప్పుడొస్తాయో తెలియకపోతే లెక్కలోకి వడ్డీ ఒక్కటే రాదు. ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) గడువు, సూపర్‌మార్కెట్ ప్రమోషన్ తేదీ, పండగ సీజను, డెలివరీ ఆలస్యానికి కొనుగోలుదారు కోసుకునే డబ్బు, గమ్యంలో రెండు వారాల పెట్టెలు ఒకేసారి వచ్చి పడితే పెరిగే డెమరేజ్ (గడువు దాటి పెట్టె రేవులో ఉంటే కట్టే రుసుము), అన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి. 33 వేలు కాస్తా లక్షలవుతాయి.

2025 ఆగస్టులో ఈ సంగతి మా కోస్తా మొత్తానికి ఒకేసారి అర్థమైంది. అమెరికా అంతకుముందే వేసిన 25 శాతానికి ఇంకో 25 కలిపి, ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం సుంకం అంది. రొయ్యల మీద పాత యాంటీ డంపింగ్, సబ్సిడీ సుంకాలు దానికి అదనం. మన ఎగుమతిదారుల్లో చాలామంది డీడీపీ కింద అమ్ముతారు, అంటే సుంకం కట్టేది కూడా ఇక్కడివాళ్ళే. ఆ ఉత్తర్వులో ఒక వెసులుబాటు ఉంది: ఆగస్టు 27 కంటే ముందు ఓడెక్కి, సెప్టెంబరు 17 కంటే ముందు అమెరికాలో కస్టమ్స్ దాటిన సరుకుకి కొత్త 25 శాతం వర్తించదు. వినగానే ఊళ్ళో అందరూ 26వ తేదీలోపు ఎక్కించేద్దాం అని ప్లాంట్ల మీద పడ్డారు. క్యాలెండరు తీసి చూస్తే ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 16కి ఇరవై ఒక్క రోజులు. కేప్ చుట్టి తూర్పు తీరానికి నలభై, నలభై అయిదు రోజులు. అంటే ఆగస్టు మొదటి వారం దాటి ఎక్కిన తూర్పు తీరం పెట్టెకి ఆ వెసులుబాటు కాగితం మీదే ఉంది.

పసిఫిక్ వైపు నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్ళే దారిలో ఇంకో పది, పదిహేను రోజులు వెసులుబాటు దొరుకుతుంది. అక్కడ కస్టమ్స్ దాటించి న్యూజెర్సీ దాకా రీఫర్ లారీలో తోలితే ఖర్చు దిమ్మ తిరుగుతుంది, నిజమే. కానీ లక్ష డాలర్ల సరుకు మీద మిగిలేది పాతిక వేల డాలర్లు. దాని ముందు ఆ లారీ కిరాయి పెద్దది కాదు. మామూలు రోజుల్లో పిచ్చి ఆలోచన అనిపించే దారి ఆ మూడు వారాల్లో తెలివైన దారి. అయితే అది కూడా మధ్యలో పెట్టె రోల్ కాకపోతేనే. ఒక్క వారం జారితే లారీ కిరాయీ పోతుంది, సుంకమూ పడుతుంది. అందుకే అప్పుడు కూడా నేను ఓడ వేగం అడగలేదు, మధ్య రేవులో మదర్ వెసెల్ పేరు, దాని బెర్తు తేదీ అడిగాను. ఆ రెండూ చెప్పలేనివాళ్ళకి పెట్టె ఇవ్వవద్దన్నాను.

"ఇంత గొడవ ఎందుకు, విమానంలో వేసేస్తే పోలా?" అనేవాళ్ళుంటారు. వేయదగ్గ సరుకు ఉంది, వేయకూడనిది ఉంది. విమానంలో డబ్బు అసలు బరువుకి కాదు, బరువు, పరిమాణం రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 6,000తో భాగిస్తే వచ్చేది లెక్కబరువు. 60, 50, 40 సెంటీమీటర్ల అట్టపెట్టె తూకానికి తొమ్మిది కిలోలే ఉన్నా ఇరవై కిలోలకి కట్టాలి. కొరియర్ వాళ్ళు ఎక్కువగా 5,000తో భాగిస్తారు, అప్పుడు అదే పెట్టె ఇరవై నాలుగు. అమెరికాలో పిల్లలకి పార్సిల్ పంపే అమ్మలకి ఈ సూత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆవకాయ పంపితే బరువుకి, వడియాలు పంపితే జాగాకి డబ్బు తీసుకుంటారని వాళ్ళు నాతో వాదించగలరు.

సరే, డబ్బు పోతే పోయింది, వేగం దొరుకుతుంది కదా అంటే, అది కూడా ఆగే చోట్ల మీదే ఆధారపడి ఉంటుంది. 2025 మే నెలలో ముంబై నుంచి విమానంలో వెళ్ళిన పదిహేను మామిడి షిప్‌మెంట్లు లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాల్లో ఆగిపోయాయి. అమెరికా వెళ్ళే మామిడికి ఇక్కడే ఇర్రేడియేషన్, అంటే పురుగు పోయేలా కిరణాల శుద్ధి, చేయించి, అమెరికా తనిఖీ అధికారి సంతకంతో కాగితం తీసుకోవాలి. ఆ కాగితంలో లోపం ఉందన్నారు. తిప్పి తీసుకెళ్ళండి లేదా ధ్వంసం చెయ్యండి అన్నారు. పండిపోతున్న మామిడిని మళ్ళీ విమానమెక్కించి తెచ్చేదెవరు? అక్కడే పారేశారు. ఒక్క రోజులో సముద్రాలు దాటిన పండు ఒక ఫారం దగ్గర ఆగిపోయింది. అదే లోపం రొయ్యల ఓడ మీద బయటపడితే సరిచేసుకోవడానికి నెల రోజులు చేతిలో ఉండేవి. విమానంలో పంపినప్పుడు దారిలో సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. ఈ ముక్క ఎయిర్ రేటు షీటులో రాయరు.

పైగా విమానం దారి కూడా రాజకీయాన్ని బట్టి మారుతుంది. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానయాన సంస్థలకి మూసేసింది. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే ఇంధనం ఎక్కువ మోయాలి, అంటే సరుకు తక్కువ. అదే నెల 8న మన ప్రభుత్వం బంగ్లాదేశ్‌కి ఇచ్చిన ఒక సౌకర్యం రద్దు చేసింది. అప్పటిదాకా బంగ్లాదేశ్ బట్టలు లారీల్లో సరిహద్దు దాటి వచ్చి ఢిల్లీ విమానాశ్రయం నుంచి యూరప్ వెళ్ళేవి. ఎంత చక్కగా కుదిరిన దారి అయినా, అది ఇంకొకరి గేటులోంచి పోతున్నంతకాలం వాళ్ళు తలుపేస్తే అంతే.

హైదరాబాద్ మందుల వాళ్ళని చూస్తే నాకు ఈ విషయంలో మెచ్చుకోలు ఎక్కువ. సముద్రం లేని ఊరు కావడం వల్ల ఆగే చోట్లని మొదటి రోజు నుంచీ లెక్కపెట్టుకోక తప్పలేదు. ఏది తొందర, ఏది తొందర కాదు అని వాళ్ళు మందు పేరును బట్టి కాకుండా నిల్వను బట్టి తేలుస్తారు. కొత్తగా మార్కెట్లోకి వెళ్ళే మాత్రలు శంషాబాద్ నుంచి విమానంలో. ఆరు నెలల తర్వాత, అక్కడి గోడౌన్లో రెండు మూడు నెలల సరుకు పేరుకున్నాక, అవే మాత్రలు ఉష్ణోగ్రత పట్టి ఉంచే కంటైనర్లో సముద్రం మీద. అక్కడ నిల్వ ఉంటే ఓడ ఆలస్యం ఎవరినీ కదిలించదు. వేగానికి డబ్బు పెట్టే బదులు నిల్వకి పెట్టడం చాలాసార్లు చవక. మన రొయ్యలవాళ్ళకి, మిర్చివాళ్ళకి ఈ లెక్క ఇంకా ఒంటబట్టలేదు. కొనుగోలుదారు గోడౌన్లో ఎంత సరుకుందో అడగడం మర్యాద కాదనుకుంటారు. అడగాలి. దారి ఎంచేది దాన్ని బట్టే.

మధ్యరకం కూడా ఉంది, సగం ఓడ, సగం విమానం. దుబాయ్ దాకా ఓడ, అక్కడ జెబెల్ అలీలో దించి విమానమెక్కించి యూరప్. ఎర్ర సముద్రం మూసుకున్నాక 2024 మొదట్లో దీనికి గిరాకీ బాగా పెరిగింది. బట్టలకి, ఎలక్ట్రానిక్స్‌కి సరిపోతుంది. గడ్డకట్టిన సరుకుకి నేను చచ్చినా చెప్పను.

రైలు గురించి మా దగ్గర ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో దాన్ని మించిన పాఠం లేదు. అనంతపురం జిల్లా అరటి ఎప్పటినుంచో లారీల్లో ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవుకి వెళ్ళేది. ఒక్కో రీఫర్ ఒక్కో లారీ, ఒక్కో డ్రైవరు, ఒక్కో టోల్‌గేటు, ఒక్కో డీజిల్ బంకు, రేవు బయట ఒక్కో క్యూ. 2020 జనవరి చివర్లో తాడిపత్రి నుంచి ఒక ప్రత్యేక రైలు వేశారు. 43 రీఫర్ కంటైనర్లలో 980 టన్నుల అరటి, ఇరాన్‌కి పోవలసిన సరుకు, నేరుగా జేఎన్‌పీటీకి. రైలు ఇంజను లారీకంటే వేగంగా పోతుందని కాదు ఆ ఏర్పాటు విలువ. నలభై మూడు చోట్ల నలభై మూడు రకాలుగా ఆగగలిగిన సరుకు ఒకే ముద్దగా కదిలింది. గెల నరికిన రోజు, ఓడ కటాఫ్ రోజు, ఈ రెండిటి మధ్య ఏం జరుగుతుందో ఒకే టైంటేబుల్‌లో పెట్టగలిగారు. అరటికి ఆ అంతరమే ప్రాణం, కాయ పచ్చిగా ఉండగానే చల్లబరిచి ఓడెక్కించాలి. అయితే రైలు నిండేంత సరుకు ఒకే రోజున ఒకే స్టేషన్లో పోగవ్వాలి. రైతులు, ప్యాక్‌హౌసులు, కొనే కంపెనీలు ఒక మాట మీదకి రాకపోతే రైలు కుదరదు. మిర్చికి గుంటూరు నుంచి ఇలా ఎందుకు స్థిరంగా కుదరదని నన్నడిగితే, పట్టాల లోటు కాదు, మాట కలవకపోవడమే అంటాను.

బియ్యం కథ పూర్తిగా వేరు. పాతిక రోజులైనా నలభై రోజులైనా బియ్యానికి ఏమీ కాదు, తడవకపోతే చాలు. కాకినాడ నుంచి పశ్చిమ ఆఫ్రికాకి వెళ్ళే బియ్యం బస్తాల రూపంలోనే, కంటైనర్ లేకుండా, ఓడ కడుపులోకి పోతుంది. యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేసి ఉంటే బార్జీలు బస్తాలు మోసుకెళ్తాయి. చవకైన, ఓపికైన దారి. కానీ 2021 మొదట్లో బియ్యానికి గిరాకీ పెరిగేసరికి అక్కడ ఓడలు వారాల తరబడి వంతు కోసం నిలబడ్డాయి. నిలబడిన ప్రతి రోజుకీ ఓడ యజమానికి డబ్బు కట్టాల్సిందే. చివరికి ఆ ఫిబ్రవరిలో పక్కనే ఉన్న డీప్ వాటర్ పోర్టులో కూడా బియ్యం ఎక్కించడానికి అనుమతిచ్చారు. రోజులకి లొంగని సరుకు కూడా నిలబడటానికి లొంగింది.

ఇక నా వాదనకి వచ్చే అభ్యంతరాలు. మొదటిది, "అయితే డైరెక్ట్ సర్వీసే ఎప్పుడూ మంచిదంటావా?" అనను. పదిహేను రోజులకొకటి వచ్చే డైరెక్ట్ ఓడ తప్పిపోతే మన పెట్టె విశాఖ యార్డులోనే పదిహేను రోజులు ఆగుతుంది, అది కూడా ఆగడమే. వారానికి మూడు ఫీడర్లున్న కొలంబో దారి అప్పుడు నయం. ఇంకో గట్టి ఉదాహరణ నాకే అడ్డం వస్తుంది. 2025 ఫిబ్రవరిలో మెర్స్క్, హపాగ్ లాయిడ్ అనే ఓడ కంపెనీలు కలిసి జెమినీ అనే ఏర్పాటు మొదలుపెట్టాయి. పెద్ద ఓడలు తక్కువ రేవుల్లోనే ఆగుతాయి, మిగతా ఊళ్ళకి షటిల్ ఓడలు. అంటే ట్రాన్‌షిప్‌మెంట్ పెరిగింది. అయినా 90 శాతానికి పైగా తేదీ తప్పకూడదని లక్ష్యం పెట్టుకుని, మిగతా లైన్ల కంటే బాగా నడిపారు. కారణం, ఆగే రేవుల్లో ముఖ్యమైనవి చాలావరకు వాళ్ళ సొంత అదుపులోని టెర్మినళ్ళు. కాబట్టి నేను అనేది ఆగకూడదని కాదు. ఎవరి చేతిలో ఆగుతోంది, తర్వాతి ఓడ ఎవరిది, ఎన్నాళ్ళకొకటి, ఇవి తెలియకుండా ఆగకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా న్యాయమైనది. "నెలకి రెండు పెట్టెలు పంపే నాలాంటివాడి మాట లైన్ వింటుందా?" వినదు. కానీ ఎంచుకునే చెయ్యి మాత్రం మీదే, ఓడ కిరాయి కొనుగోలుదారే పెట్టుకునే ఎఫ్ఓబీ పద్ధతిలో అమ్మి ఆ చెయ్యి కూడా కొనుగోలుదారుకి ఇచ్చేస్తే తప్ప. మీరు పంపిన ప్రతి కంటైనర్ చరిత్రా కొంతకాలం లైన్ వెబ్‌సైటులో ఉంటుంది: ఏ రేవులో ఏ తేదీన దిగింది, ఏ తేదీన మళ్ళీ ఎక్కింది. ఎక్కువ కాలం ఉంచరు కాబట్టి పెట్టె చేరగానే ఆ రెండు తేదీలు ఒక పుస్తకంలో రాసుకోండి. పది పెట్టెలు రాసేసరికి ఏ లైన్ ఏ రేవులో మీ సరుకుని ఎన్నాళ్ళు ఎండబెడుతుందో మీకే తెలుస్తుంది. ఏ కన్సల్టెంటూ ఇంతకంటే మంచి లెక్క ఇవ్వలేడు. ఇంత చిన్న పని ఎందుకు చెయ్యరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

కొందరు కొనుగోలుదారులు తెలివిగా ఎల్‌సీలో "ట్రాన్‌షిప్‌మెంట్ అనుమతించబడదు" అని రాయించి నిశ్చింతగా ఉంటారు. బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమావళి 20వ ఆర్టికల్ ప్రకారం, సరుకు కంటైనర్లో వెళ్తున్నట్టు బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఉంటే, ఎల్‌సీ వద్దన్నా, ట్రాన్‌షిప్‌మెంట్ జరుగుతుందని చూపే బిల్లుని బ్యాంకు తీసుకుంటుంది. ఆ నిషేధం కంటైనర్ సరుకుకి ఉత్త మాట. కావాలంటే ఓడ పేరు, సర్వీసు పేరు ఒప్పందంలో రాయించుకోవాలి.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. 2021 మార్చిలో సూయజ్‌లో ఆరు రోజులు అడ్డంపడ్డ ఎవర్ గివెన్ ఓడ మీద సరుకు వేసినవాళ్ళు, తమ సరుకు చెక్కుచెదరకపోయినా, ఓడని విడిపించిన ఖర్చులో వాటా కట్టాల్సి వచ్చింది. జనరల్ యావరేజ్ అంటారు దాన్ని. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళ తరఫున కంపెనీ పూచీ ఇస్తుంది, లేనివాళ్ళు నగదు డిపాజిట్ కట్టి పెట్టె విడిపించుకోవాలి. 2025 మే 25న కేరళలోని విళింజం రేవు నుంచి కొచ్చి వెళ్తూ ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగిపోయింది, 640 కంటైనర్లతో. రెండు రేవుల మధ్య ఒక పూట ప్రయాణం అది. "దగ్గరే కదా, ఇన్సూరెన్స్ ఎందుకు" అనేవాళ్ళకి ఆ ఓడ పేరు చెప్పి ఊరుకుంటాను.

ఆ విళింజం గురించి కూడా ఈమధ్య అందరూ అడుగుతున్నారు. మన దేశంలోనే మదర్ వెసెల్ ఆగుతోంది కాబట్టి కొలంబో అక్కరలేదు కదా అని. రేవు లోతు, క్రేన్లు బాగున్నాయి. కానీ విశాఖ నుంచి అక్కడికి వారానికి ఎన్ని ఫీడర్లు, ఏ రోజుల్లో, ఏ మదర్ వెసెల్‌కి అందేలా నడుస్తాయన్నది చూడకుండా జెండా చూసి పెట్టె పంపను. 2024 మొదట్లో కృష్ణపట్నంలో కంటైనర్ ఓడలు ఆగిపోయినప్పుడు నెల్లూరు, ఒంగోలు రొయ్యలవాళ్ళు చెన్నై వైపు పరుగెత్తారు. రేవు అక్కడే ఉంది, నీళ్ళు అక్కడే ఉన్నాయి, ఓడలు రావడం మానేశాయి. మనకి కావలసింది రేవు కాదు, వరసగా వచ్చే ఓడలు.

ఇక ఎర్ర సముద్రం దారి మళ్ళీ పూర్తిగా తెరుచుకునే రోజు గురించి. అప్పుడు కొటేషన్లలో యూరప్ రోజులు ఒక్కసారిగా పది తగ్గుతాయి, అందరూ సంబరపడి పాత లెక్కలకి వెళ్ళిపోతారు. నా అంచనా వేరు. కేప్ చుట్టి వస్తున్న ఓడలు, సూయజ్ దాటి వస్తున్న ఓడలు కొన్ని వారాల పాటు రాటర్‌డామ్, ఆంట్‌వెర్ప్, హాంబర్గ్‌లకి ఒకేసారి చేరతాయి. 2024లో సింగపూర్‌లో చూసిన క్యూ ఈసారి అటువైపు చూస్తాం. అందుకని మా ఎగుమతిదారులకి ఇప్పటినుంచే చెబుతున్నాను: సూయజ్ తేదీలు కొటేషన్లో కనబడిన మొదటి రెండు నెలలూ కేప్ రోజులే లెక్కేసుకుని పంపండి, గమ్యంలో డెమరేజ్ లేని రోజులు ఇంకో వారం ఎక్కువ అడిగి ముందే రాయించుకోండి. రద్దీ మొదలయ్యాక ఆ వారం ఏ లైనూ ఇవ్వదు.